రచయిత పేరుతో కాదు, ఓడ పేరుతో వెతకండి

వలసకాలపు ఆస్ట్రేలియా పత్రికల్లో ధారావాహికగా వచ్చిన బాలల సాహస నవల కోసం ఆస్ట్రేలియా పాత పత్రికలుండే వెబ్‌సైట్ ‘ట్రోవ్’లో రచయిత పేరుతో వెతికితే ఏమీ రాలేదన్నారు. ఆ పేరును పక్కన పెట్టండి. అప్పట్లో మారుపేర్లు మామూలే. స్టీవెన్సన్ రాసిన ‘ట్రెజర్ ఐలాండ్’ కూడా 1881లో ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రికలో కెప్టెన్ జార్జ్ నార్త్ పేరుతోనే మొదలైంది. కథలోని ఓడ పేరో, అరుదైన పాత్ర పేరో వేసి చూడండి. అప్పటికీ దొరకకపోతే కావాలనే అక్షరాలు తప్పుగా కొట్టండి: మాసిన అచ్చులో ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే పాత పేజీల బొమ్మల్ని అక్షరాలుగా మార్చే యంత్రం వాటిని ఎమ్ అని చదివేస్తుంది. నన్నిది ఎన్నిసార్లు ఏడిపించిందో! ఒక్క భాగం దొరికితే చాలు, వెతకడం మానేసి ఆ పత్రిక తర్వాతి సంచికలనే వరసగా తిరగేయండి. న్యూజిలాండ్ పత్రికలకైతే ‘పేపర్స్ పాస్ట్’ అనే ఇలాంటి వెబ్‌సైటే ఉంది.