తుపాకీ కొనబోతే 'డిలేడ్' అన్నారు, రిజెక్ట్ చేసినట్టేనా?

టెక్సస్‌లో గ్రీన్ కార్డ్ మీద ఉన్నాను, పిస్టల్ కోసం 4473 ఫారం నింపితే 'డిలేడ్' వచ్చింది, నా మీద ఏదైనా కేసుందా అని మీరు అడిగారు. టెన్షన్ పడకండి. నేనూ గ్రీన్ కార్డ్ మీద ఉండగా డాలస్ దగ్గర కొనబోతే ఇదే వచ్చింది. నాకు అప్పటికి ట్రాఫిక్ టికెట్ కూడా లేదు.

షాపువాళ్లు మన వివరాలు నిక్స్‌కు, అంటే తుపాకీ కొనేవాళ్ల రికార్డులు చెక్ చేయడానికి ఎఫ్‌బీఐ నడిపే సిస్టమ్‌కు పంపుతారు. ప్రొసీడ్ (అమ్మొచ్చు), డిలేడ్, డినైడ్ (అమ్మకూడదు) అని మూడింట్లో ఒకటి చెబుతారు. డిలేడ్ అంటే ఇంకా తేలలేదని, అంతే. సిటిజన్లు కానివాళ్లకు ఇమిగ్రేషన్ రికార్డులు కూడా చూస్తారు. పైగా మనలో ఒకే పేరున్నవాళ్లు ఎంతమంది, ఎవరు ఎవరో తేల్చుకోవాలి కదా!

చెక్ చేసిన రోజు, శనాదివారాలు, సెలవులు పోను మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే షాపువాళ్లు తుపాకీ ఇవ్వొచ్చని ఫెడరల్ చట్టం. ఇచ్చి తీరాలని మాత్రం లేదు. నేను వెళ్లిన షాపులో ప్రొసీడ్ వస్తేనే ఇస్తామన్నారు. అప్పుడు ఒళ్లు మండింది కానీ, వాళ్లను తప్పుపట్టలేను. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిదిమందిని చంపినవాడు, చెక్ తేలకముందే ఈ మూడు రోజుల వెసులుబాటుతోనే తుపాకీ కొన్నాడు. ఒకవేళ ఇచ్చాక డినైడ్ అని తేలితే ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) వాళ్లు వెనక్కి తీసుకుంటారు.

ఆ చెక్ 30 రోజులే చెల్లుతుంది. నాకు ఆ గడువు దాటిపోయి మళ్లీ కొత్త ఫారం నింపాల్సి వచ్చింది. తర్వాత మీ చెక్ గురించి అడగాలంటే పనికొస్తుంది, దానికి ఇచ్చిన ఎన్‌టీఎన్ నంబరు షాపులో అడిగి రాసుకోండి. కొన్న ప్రతిసారీ ఇలాగే అయితే, వేలిముద్రలు పంపి ఎఫ్‌బీఐ వీఏఎఫ్‌కు (మన వివరాలు ముందే వాళ్ల దగ్గర ఉంచుకునే ఫైలు) అప్లై చేయొచ్చు. ఒప్పుకుంటే యూపిన్ అని ఒక నంబరు ఇస్తారు. నాకు రావడానికి నెలలు పట్టింది కానీ, తర్వాత కొన్నప్పుడు అది ఫారంలో రాస్తే షాపులో నిలబడి ఉండగానే ప్రొసీడ్ వచ్చింది.

కాలిఫోర్నియాలో ఉన్న మీ ఫ్రెండ్ పది రోజులు ఆగాలని చెప్పారన్నారు కదా, ఆ సంగతి వేరు. అది అక్కడి రాష్ట్ర చట్టం, చెక్ క్లియర్ అయినా ఆగాల్సిందే. టెక్సస్‌లో అలాంటిది లేదు. 21 ఏళ్లలోపు వాళ్లు రైఫిల్ కొంటే మాత్రం, 2022 చట్టం ప్రకారం ఎక్కడైనా చెక్‌కు పది పనిదినాల దాకా పట్టొచ్చు.

తొందరపడి సిటిజన్‌నని టిక్ పెట్టకండి, అది డిపోర్టేషన్ దాకా పోతుంది. మీకోసం మీ ఆవిడ పేరు మీద కొనిపించడం కూడా ఫెడరల్ నేరమే. ఇక హెచ్1బీ మీదున్న మీ తమ్ముడి గురించి అడిగారు కదా, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదీ లేకపోతే అతనికి అసలు అమ్మరు.