యాభై దాటాక పేనుకొరుకుడు వస్తుందా?

వస్తుందండి. నాకు 57లో వచ్చింది. ఎక్కువమందికి నలభై లోపే మొదలవుతుంది కాబట్టి, ఈ వయసులో పేనుకొరుకుడేంటని మా ఇంట్లోనూ ఎవరూ నమ్మలేదు.

మీ అమ్మగారికి తల వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిందని, పక్కింటావిడ గురివింద గింజ అరగదీసి రాయమంటోందని అడిగారు. అది మాత్రం వద్దు. ఆ గింజలో ఉన్నది విషం. పురుగు కొరకడం వల్ల వచ్చేది కాదిది. మన ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలే కుదుళ్ల మీద పడతాయి. కుదురు చావదు, పని ఆపేస్తుందంతే. ఆ గింజ రాసి చర్మం పొక్కి, పుండై, మచ్చ పడితే మళ్లీ మొలిచే అవకాశం కూడా పోతుంది.

నా విషయంలో తమాషా ఏంటంటే, జుట్టు ఊడినట్టే తెలియలేదు. అప్పటికే సగం తల నెరిసింది. ఈ జబ్బు ఎక్కువగా నల్లవెంట్రుకల జోలికే వెళ్తుంది, తెల్లవాటిని చాలావరకు వదిలేస్తుంది. చెవి పైన నల్లవన్నీ రాలి తెల్లవి మిగిలేసరికి, "ఒక్కసారిగా ఇంత నెరిసిపోయావేంటి వదినా" అంది మా ఆడపడుచు. తర్వాత మా కోడలు జడ వేస్తూ పాయ తీసి చూస్తే సంగతి బయటపడింది. అంచుల్లో పొట్టి వెంట్రుకలు, కుదురు దగ్గర సన్నగా, కొసన లావుగా ఉన్నాయి. డాక్టరుగారు డెర్మోస్కోప్ అనే భూతద్దంతో వాటిని చూసే జబ్బేంటో చెప్పారు. గోళ్ల మీద సన్నటి గుంటలు ఉన్నాయేమో చూశారు, థైరాయిడ్ పరీక్షా రాశారు. పేనుకొరుకుడు, థైరాయిడ్ జబ్బు కలిసి రావడం మామూలేనట. నాకు ఆ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువే వచ్చింది, అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయట్లేదన్నమాట. (థైరాయిడ్ మాత్ర వేసుకుంటే జుట్టు వస్తుందనుకోకండి, దాని లెక్క వేరు.)

జుట్టు కొద్ది మేరే ఊడితే అక్కడ ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. సన్న సూదితో ఆ చోటంతా చుక్క చుక్కగా, 4 నుంచి 6 వారాలకోసారి. నొప్పి లేదని అబద్ధం చెప్పను. చర్మం అక్కడక్కడ గుంట పడచ్చు. అమ్మగారికి షుగర్ ఉంటే ముందే చెప్పండి, అది స్టెరాయిడ్. నాకు ముందు తెల్లటి నూగు వచ్చింది, నలుపు తర్వాత.

తలంతా పోయినవాళ్లకి బారిసిటినిబ్ మాత్రలున్నాయి. ఈ జబ్బుకి వాడటానికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే యాభై దాటి గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ల విషయంలో ఈ రకం మందులకి గట్టి హెచ్చరిక ఉంది: గుండెపోటు రావచ్చు, రక్తం గడ్డకట్టచ్చు. టీబీ, హెపటైటిస్ పరీక్షలు చేశాకే మొదలుపెడతారు. యూట్యూబ్ చూసి మందులషాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

అన్నట్టు, నుదుటి అంచంతా వెనక్కి జరుగుతూ కనుబొమలు కూడా పలచబడుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎక్కువ. అందులో కుదుళ్లే పోతాయి, ఆలస్యమైతే తిరిగి రావు. అందుకని ముందు చర్మం డాక్టరుకి చూపించండి.

నాకు చెవి పైన నిండింది. మెడ దగ్గర ఇంకోటి మొదలైంది, మళ్లీ సూదులకి వెళ్తున్నాను.