పెద్ద గోల్ఫ్ పోటీకి చిన్న ఊరు

ప్రశ్న: చిన్న పట్టణంలో పెద్ద గోల్ఫ్ టోర్నమెంట్ జరపడానికి మంచి మైదానం ఉంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఉత్తర ఐర్లాండ్‌లోని సముద్రతీర పట్టణం పోర్ట్‌రష్‌నే చూడండి. 1951లో అక్కడ జరిగిన, గోల్ఫ్‌లోని అతి పెద్ద పోటీల్లో ఒకటైన ఓపెన్ ఛాంపియన్‌షిప్ మళ్లీ 2019లో గాని, అంటే 68 ఏళ్లకు గాని, ఆ ఊరికి రాలేదు. గోల్ఫ్ ప్రేక్షకులు చాలామంది ఆటగాళ్ల వెంట నడుస్తూ చూస్తారు కనుక, వారి గుడారాలకూ దుకాణాలకూ విశాలమైన చోటు కావలసివచ్చి, మైదానంలోని పాత 17, 18వ హోల్స్ (బంతిని కొట్టుకుంటూ వెళ్లి గుంతలో వేసే ఆట భాగాలు) ఉన్న నేలను అందుకు కేటాయించి, వాటికి బదులు 7, 8వ హోల్స్‌ను కొత్తగా నిర్మించారు. రైల్వేస్టేషన్‌నూ కొత్తగా కట్టారు. వచ్చినవారు రెండు లక్షలు దాటారు. అంత జనం మధ్య ఊరివారు ఇళ్లకు చేరే దారులూ, అంబులెన్సుల దారులూ మూసుకుపోకూడదు. ఆ ఏర్పాటును నివాసులతో ముందే మాట్లాడి నిర్ణయించడమే, నా అభిప్రాయంలో, అన్నిటికన్నా ముఖ్యమైన పని.