బోరు నీటి ఫ్లోరైడ్‌కు బొగ్గు ఫిల్టర్ పనికిరాదు, అల్యూమినా చూడండి

కళ్యాణదుర్గం దగ్గర మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందని, బొగ్గు ఫిల్టర్ పెడితే చాలని షాపతను చెప్పాడని రాశారు. ఫ్లోరైడ్ కోసమైతే దయచేసి అది కొనకండి. మాదీ అనంతపురం జిల్లానే. మా ఇంటికీ ఒక షాపువాళ్లు అదే అంటగట్టారు. వాసన పోయింది, రుచి మారింది, అమ్మ సంతోషపడింది. ల్యాబ్‌లో చూపిస్తే ఫ్లోరైడ్ దాదాపు అంతే ఉంది.

ఈ ఫిల్టర్లు పనిచేసేది అధిశోషణంతో, అంటే మలినం గట్టి పదార్థం పైతలానికి అంటుకుంటుంది. అయితే అన్నీ అన్నిటికీ అంటుకోవు. బొగ్గు ఫిల్టర్‌లో ఉండే యాక్టివేటెడ్ కార్బన్ క్లోరిన్‌ను, వాసనను, చాలా పురుగుమందులను బాగా పడుతుంది. ఫ్లోరైడ్ చిన్న రుణ అయాన్, నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుని ఉంటాయి, బొగ్గుకు చిక్కదు. యాక్టివేటెడ్ అల్యూమినా (సన్న రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్) మీద మాత్రం ఫ్లోరైడ్ అక్కడున్న హైడ్రాక్సిల్ (OH) సమూహాలను పక్కకు నెట్టి ఆ చోట్లలో కూర్చుంటుంది.

మేమిప్పుడు వాడేది అల్యూమినానే. కానీ దానికీ మన నీళ్లతో ఒక చిక్కుంది. అది బాగా పనిచేసేది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5–6 దగ్గర. మన బోర్లలో పీహెచ్ 7 దాటి ఉంటుంది, బైకార్బనేట్ కూడా ఎక్కువ. గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్ బాగా కరిగి వచ్చేదే ఇలా కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలోకి. అంటే ఫ్లోరైడ్‌ను తెచ్చిపెట్టే గుణమే ఫిల్టర్ బలాన్నీ తినేస్తుంది. అందుకే డబ్బా మీద ఇన్ని వేల లీటర్లు అని రాసింది నమ్మకండి, మీ నీళ్లకు ఎంత వస్తుందో మీ నీళ్లతోనే తేలాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటి. సీట్లు నిండిన బస్సులాగా, చోట్లు నిండాక ఫ్లోరైడ్ నేరుగా బయటికొచ్చేస్తుంది. రంగు, రుచి, వాసన ఏదీ మారదు. పిల్లలున్న ఇల్లన్నారు కాబట్టి ఫిల్టర్ నీళ్లను తరచూ పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చేస్తారు. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు. నిండిన అల్యూమినాను కాస్టిక్ సోడాతో కడిగి, తర్వాత పలుచని ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడొచ్చు. ఇది ఇంట్లో చేసే పని కాదు, తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఆ కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ అంతా ఉంటుంది, బోరు పక్కన పోయనివ్వకండి.

శెనక్కాయ పొట్టు బొగ్గు గురించి కూడా అడిగారు. తాగే నీళ్లకు వద్దు. చేలో మాత్రం మంచి ఆలోచనే. గాలి తగలకుండా కాల్చిన బొగ్గు మట్టిలో కలిస్తే కొన్ని పురుగుమందులను, సీసం, కాడ్మియం లాంటి లోహాలను పట్టి ఉంచుతుంది, మొక్కలోకి పోయేది తగ్గుతుంది. లోహం మాయమైపోదు, మట్టిలోనే కదలకుండా ఉంటుంది.

నీళ్లు కాచడం వల్ల ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మీ ఊరికి పథకం నీళ్లు వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడుకోండి, బోరు మిగతా పనులకు ఉంచండి. రాకపోతే పీహెచ్, ఆల్కలినిటీ (బైకార్బనేట్ లాంటివి ఎంత ఉన్నాయో చెప్పే కొలత) రిపోర్టు కూడా తీయించి ఇక్కడ పెట్టండి, అల్యూమినా ఎంత కావాలో లెక్క చూద్దాం.