పాఠకుల ప్రశ్నలు: ప్రోటోకాల్‌లోని గది వేరు, మన గది వేరు

ప్రశ్న: ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఇమ్యునాలజీ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరాను. రక్తం నుంచి పీబీఎంసీలు, అంటే తెల్లకణాల్లోని లింఫోసైట్లు, మోనోసైట్లు వేరుచేయడం నా పని. జనవరిలో బాగానే వచ్చేవి. ఏప్రిల్ నుంచి సగం కూడా రావడం లేదు, ఒక్కోసారి పొరే కనబడదు. పని పద్ధతి రాసిన ప్రోటోకాల్ కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేస్తున్నాను. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ చేతిని అనుమానించే ముందు థర్మామీటర్ చూడండి. ప్రోటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అని రాసిన చోట 18 నుంచి 20 డిగ్రీలు అని చదువుకోవాలి. ఫైకాల్ అనే చిక్కని ద్రవంతో కణాలు వేరుచేసే ఈ పద్ధతిని 1968లో ప్రచురించిన ఆర్నె బోయుమ్ నార్వే శాస్త్రవేత్త. అక్కడి గది వేరు, ఏప్రిల్‌లో గుంటూరు గది వేరు.

ఫైకాల్ సాంద్రత 20 డిగ్రీల దగ్గర మిల్లీలీటరుకు 1.077 గ్రాములు. లింఫోసైట్లు దానికన్నా తేలిక కాబట్టి పైన ఆగుతాయి. ఎర్రకణాలు, గ్రాన్యులోసైట్లు (మరో రకం తెల్లకణాలు) బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. వేడెక్కితే ఫైకాల్ పలచబడుతుంది, మీకు కావలసిన కణాలు కూడా దాంట్లోంచి జారి ఎర్రకణాలతో కలిసిపోతాయి. మీ పొర పోతున్నది బహుశా అక్కడికే. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడితే దీనికి తలకిందులు: ఫైకాల్ చిక్కగా ఉంటుంది, ఎర్రకణాలు పూర్తిగా దిగవు, పొర ఎర్రగా వస్తుంది. సీసాను గంట ముందే ఏసీ గదిలో బయటపెట్టండి. పీబీఎస్ (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) కూడా అంతే. సెంట్రిఫ్యూజ్ (ట్యూబులను వేగంగా తిప్పే మిషన్) కూలింగ్ ఉన్నదైతే 20 డిగ్రీలకు పెట్టండి. కూలింగ్ లేనిది తిరిగే కొద్దీ గదికన్నా వేడెక్కుతుంది. అలాంటిదైతే ఏసీ గదిలోకి మార్చి, ఒక రన్‌కూ మరో రన్‌కూ మధ్య మూత తెరిచి చల్లారనివ్వండి.

ఇక పోయడం. 4 మి.లీ. రక్తానికి 4 మి.లీ. పీబీఎస్ కలపండి. 15 మి.లీ. ట్యూబులో ముందు 4 మి.లీ. ఫైకాల్ పోసి, ట్యూబును వాల్చి, పిపెట్ కొనను గోడకు ఆనించి రక్తాన్ని నెమ్మదిగా జారనివ్వండి. రెండింటి మధ్య గీత గీసినట్టు కనబడాలి. గీత చెదిరి గులాబీ రంగు మబ్బు కమ్మితే తిప్పినా ఫలితం ఉండదు. స్వింగ్ అవుట్ రోటర్‌లో (తిరిగేటప్పుడు ట్యూబులు అడ్డంగా లేచేది) 400 జి, అంటే భూమ్యాకర్షణకు 400 రెట్ల బలం, 30 నిమిషాలు, బ్రేక్ పూర్తిగా ఆపేసి. బ్రేక్ ఉంటే ఆగేటప్పటి కుదుపుకు పొర చెదురుతుంది. 400 జి అంటే అన్ని మిషన్లలో ఒకే ఆర్‌పీఎం కాదు: రోటర్ వ్యాసార్ధం 16 సెం.మీ. అయితే సుమారు 1,500, 10 సెం.మీ. అయితే సుమారు 1,900. పాత మిషన్ మీద రాసి అంటించిన నంబరును కొత్త మిషన్‌కు వాడడం చాలా ల్యాబుల్లో జరిగే పొరపాటు.

బయటకు తీసిన ట్యూబులో పైన పసుపు ప్లాస్మా, దాని కింద పలచని మజ్జిగ రంగులో సన్నని ఉంగరం, ఆ కింద తేటగా ఫైకాల్, అడుగున ఎరుపు. ఆ ఉంగరాన్నే తీయాలి. ఫైకాల్ ఎక్కువ పీల్చారో, కడిగేటప్పుడు కణాలు కిందికి దిగవు. అందుకే తీసినదానికి కనీసం మూడింతలు పీబీఎస్ పోసి, 300 జి దగ్గర 10 నిమిషాల చొప్పున రెండుసార్లు కడగండి. ఆరోగ్యవంతుల రక్తంలో మిల్లీలీటరుకు 5 నుంచి 20 లక్షల కణాలు రావడం మామూలే. లెక్కకు: హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గడుల గాజుపలక) మూలల్లోని నాలుగు పెద్ద గడుల సగటు 50, చనిపోయిన కణాలను నీలం చేసే ట్రిపాన్ బ్లూతో సమానంగా కలిపారు కాబట్టి 2, దాన్ని 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు 10 లక్షలు. రంగు కలిపాక అయిదు నిమిషాల్లోపు చూసేయండి. ఆలస్యమైతే బతికున్న కణాలు కూడా నీలమవుతాయి.

ఇంకొక అనుమానం: రక్తం ఆసుపత్రి నుంచి ఎలా వస్తోంది? వారధి దాటి ఎండలో బండి డిక్కీలో వస్తే ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. అలాగని ఐసు మీద పెట్టకూడదు. థర్మోకోల్ పెట్టెలో, చల్లని గది ఉష్ణోగ్రతలో రావాలి. ఏడెనిమిది గంటల్లోపు పని మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే గ్రాన్యులోసైట్ల సాంద్రత మారి అవి కూడా ఉంగరంలో చేరతాయి.

ప్రశ్న: ఎలీసా (యాంటీబాడీలతో చేసే రంగు పరీక్ష) ప్లేటులో అంచు వెల్స్‌లోనే (గుంటల్లోనే) రంగు ముదురుగా వస్తోంది. మొన్న ఒక ప్లేటులోనైతే అసలు రంగే రాలేదు, పాజిటివ్ కంట్రోల్‌లో కూడా.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. అంచు వెల్స్ త్వరగా వేడెక్కుతాయి, త్వరగా ఆరతాయి. ప్రతి ఇన్క్యుబేషన్‌లోనూ సీలర్ అంటించండి, ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చకండి, సీలింగ్ ఫ్యాన్ కింద అసలు పెట్టకండి. నమూనాలు తక్కువగా ఉంటే అంచున ఉన్న 36 వెల్స్‌లో పీబీఎస్ పోసి, లోపలి 60 వాడుకోండి.

రంగే రాలేదంటే ముందు బఫర్ లేబుల్ చదవండి. పాడవకుండా కలిపే సోడియం అజైడ్ రంగు పుట్టించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమును పనిచేయనివ్వదు. కడిగే వాష్ బఫర్‌లో గానీ పలచన చేసే డైల్యూయెంట్‌లో గానీ అది ఉంటే ప్లేటు తెల్లగానే మిగులుతుంది. పరీక్ష తేలిక: వేరే ట్యూబులో ఒక చుక్క కాంజుగేట్ (హెచ్‌ఆర్‌పీ తగిలించిన యాంటీబాడీ), ఒక చుక్క టీఎంబీ (దాంతో కలిస్తే నీలమయ్యే ద్రావణం) కలపండి. వెంటనే నీలం వస్తే ఆ రెండూ బాగున్నట్టే, తప్పు బఫర్‌లోనో యాంటీబాడీలోనో ఉంది. రాకపోతే ఆ రెండింటిలో ఒకటి పాడైంది. కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్ ఎంత వేడెక్కిందో కనుక్కోండి.

ప్రశ్న: వచ్చే నెల చేరబోతున్నాను. రక్తంతో పని అంటే ఇంట్లో భయపడుతున్నారు. ముందే ఏం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తాడేపల్లి

జవాబు: వాళ్ల భయం న్యాయమైనదే, దానికి దారీ ఉంది. హెపటైటిస్ బి టీకా ఇప్పుడే మొదలుపెట్టండి: మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. మూడోదైన ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే) పరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. సూది గుచ్చుకుంటే పిండకండి. పారే నీటి కింద సబ్బుతో కడిగి, ఆ నిమిషమే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్ఐవీ మందు అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. తిడతారేమోనని సాయంత్రం దాకా దాచిపెట్టకండి.

1 శాతం హైపో (క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్) ఏ రోజుకారోజు కలుపుకోండి: 5 శాతం ద్రావణం ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. హైపో పోసిన వ్యర్థాలను మాత్రం ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే మిషన్) పెట్టకండి, విషవాయువు వస్తుంది.