మూడున్నరేళ్ళోడి మొండితనం గురించి బుజ్జమ్మకి పెద్దమ్మ రాసేది

బుజ్జమ్మా,

నీ వాయిస్ మెసేజ్ విన్నానమ్మా, నీ కొడుకు చంటిగాడు ఫోన్ కోసం ఏడుస్తాడని, షాపులో నేల మీద పడుకున్నాడని, ప్లేస్కూల్లో కొరికాడని చెప్తూ మధ్యలో నువ్వే ఏడ్చేశావు. ఫోన్లో చెప్తే నువ్వు ఊ ఊ అనేసి పాపని ఎత్తుకోడానికి వెళ్ళిపోతావు, అందుకే టైపు చేస్తున్నా, నా స్పెల్లింగులు చూడకు. చంటిగాడు పడుకున్నాక నిదానంగా చదువుకో, అల్లుడుగారి చేత కూడా చదివించు, ఇందులో సగం ఆయనకే.

ముందు ఆ "ఎవరి పోలికో, రౌడీ అయిపోతాడేమో" అన్న మాట వదిలెయ్. విశాఖలో మల్కాపురం వైపు అంగన్‌వాడీలో చేసినన్నాళ్ళూ ఆ ఈడు పిల్లల మధ్యే ఉన్నా కదా, కొరికేవాళ్ళు, నేల మీద పడి కాళ్ళు కొట్టుకునేవాళ్ళు, గుడ్డు ప్లేటుతో సహా విసిరేవాళ్ళు, వాళ్ళే ఇప్పుడు షిప్‌యార్డులోనూ ఫార్మాసిటీలోనూ ఉద్యోగాలు చేసుకుంటా కనపడితే టీచరమ్మా అని బండి ఆపుతారు. ఆ వయసులో కోపం రావడం వచ్చేస్తుంది గానీ దాన్ని ఆపుకోడం రాదు. ఆపుకునే పని చేసే మెదడు భాగం నుదురు వెనకాల ఉంటుంది, అన్నిటికన్నా ఆఖర్న తయారయ్యేది అదే, పాతికేళ్ళ దాకా పడుతుందని డాక్టర్లే చెప్తారు. నిన్ను నలుగురిలో అవమానించాలని వాడు జగదాంబ దగ్గర షాపులో నేల మీద పడుకోలేదు, వాడికంత ప్లాను ఎక్కడుంటాదమ్మా.

నువ్వు చెప్పిందాంట్లో నాకు దొరికింది ఫోన్ సంగతి. వాడు ఫోన్ అడుగుతాడు, నువ్వు ఇవ్వనంటావు, ఏడుస్తాడు, నువ్వు గట్టిగానే ఉంటావు, పావుగంట అయ్యాక మీ అత్తగారు "పాపం గొంతు పోతోందే" అంటారు, పాప లేచిపోతుందని నీకూ భయం, ఇచ్చేస్తావు. ఇందులో వాడు నేర్చుకుందేటి, పావుగంట ఏడిస్తే ఫోన్ వస్తాదని. రేపు నువ్వు ఇరవై నిమిషాలు ఆగి ఇస్తే ఇరవై నిమిషాలు ఏడవడం నేర్చుకుంటాడు. అందులోనూ ఒక్కోరోజు ఇచ్చి ఒక్కోరోజు ఇవ్వకపోతే మరీ కష్టం, ఎప్పుడో ఒకటి పడకపోతుందా అని బీచ్ రాళ్ళ మీద గాలం వేసుకుని కూర్చున్నోడు లేస్తాడా చెప్పు. ఇవ్వాలనుకుంటే అడగ్గానే నవ్వుతూ ఇచ్చెయ్, అదేం పాపం కాదు. ఇవ్వకూడదు అనుకుంటే మాత్రం వాడు ఎంత ఏడ్చినా ఇవ్వకు. నడిమధ్యన లొంగిపోడమే మన కొంప ముంచేది.

ఇంకోటి ముందే చెప్తున్నా, నువ్వు ఇవ్వడం మానేసిన మొదటి కొన్ని రోజులు వాడి ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన మందు పనిచెయ్యట్లేదని డోసు పెంచుతాడన్నమాట. అందరూ జారిపోయేది అక్కడే, "మేం ట్రై చేశామండీ మా వాడికి పనిచెయ్యలేదు" అని. దాన్ని దాటితే తగ్గుద్ది.

ఏడుస్తున్నప్పుడు పాఠాలు చెప్పకు, ఆ టైంలో వాడికి ఏ మాటా ఎక్కదు, నీ గొంతు లేచిందంటే వాడిది ఇంకా లేస్తుంది. తల తగిలే గోడలూ స్టూళ్ళూ లేకుండా చూసుకుని పక్కనే కూర్చో, కావాలంటే ఉల్లిపాయలు తరుక్కో. "ఫోన్ కావాలని కోపం వచ్చింది, ఇప్పుడు ఇవ్వను, తగ్గాక నా దగ్గరికి రా" అని ఒక్కసారి అని ఊరుకో. తగ్గి వచ్చాక దగ్గరకి తీసుకో, అప్పుడు మళ్ళీ "ఇందాక ఎందుకలా చేశావు" అని తవ్వకు. బయట షాపులో అయితే ఎత్తుకుని బయటికి వచ్చెయ్యడమే, సామాన్లు ఎటూ పోవు, చూసేవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తినేలోపు మర్చిపోతారు.

బీచ్‌కి వెళ్ళేముందే, ఇంకా స్కూటీ ఎక్కకముందే చెప్పు, ఇవాళ నీళ్ళలో ఆడతాం, మురీ మిక్చర్ తింటాం, బెలూన్లు బొమ్మలు కొనం అని. చెప్పాక కొనకండి, అల్లుడుగారు కూడా. వచ్చేసేటప్పుడు "ఐదు నిమిషాల్లో వెళ్ళిపోదాం" అంటే వాడికి ఐదు నిమిషాలంటే ఏం తెలుస్తాది, "ఇంకో మూడు అలలు వచ్చాక బయల్దేరదాం" అను, వాడి చేతే లెక్కపెట్టించు. పరిగెత్తకు అనే బదులు నా చెయ్యి పట్టుకుని నడు అను. వంటింట్లోంచి కేక వెయ్యకుండా దగ్గరికెళ్ళి వంగి మొహంలోకి చూసి చెప్పు, ఇది నీకు చిన్న విషయంలా కనపడుతుందేమో గానీ సగం గొడవలు ఇక్కడే పోతాయి.

ఏడుస్తూ ఏడుస్తూ గుక్క పట్టేసి పెదాలు నీలంగా అయిపోతాయి కొంతమందికి. మనోడికి అలా అయినట్టు నువ్వు చెప్పలేదు, అయితే మాత్రం ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించు, చాలామందికి వాటంతటవే పోతాయి గానీ ఐరన్ తక్కువున్న పిల్లల్లో అవి ఎక్కువ, రక్తపరీక్ష చేస్తారు.

కొరకడం సంగతి. ప్లేస్కూల్లో కొరికాడని కంప్లైంట్ వచ్చిందన్నావు. మనవాళ్ళలో ఒక దిక్కుమాలిన సలహా ఉంది, నువ్వూ తిరిగి కొరుకు నొప్పి తెలుస్తాది అని. ఆ పని చెయ్యకు, అమ్మ కూడా కొరుకుతుంది కాబట్టి కొరకొచ్చు అనుకుంటాడు. కొరికిన వెంటనే వాణ్ణి పక్కకి జరిపి "కొరక్కూడదు, నొప్పి పుడుతుంది" అని నవ్వకుండా ఒక్క మాట చెప్పి, ముందు దెబ్బతిన్న పిల్లని చూడు, వీడి వైపు కాసేపు ఎవరూ చూడకూడదు. బొమ్మ లాక్కుంటే కొరుకుతున్నాడా, ఆకలేసినప్పుడా, బాగా రద్దీగా ఉన్నప్పుడా అని టీచర్ని అడుగు. తర్వాత ఇంట్లో ఆటలో నేర్పు, "నాది, ఇచ్చెయ్" అని నోటితో ఎలా చెప్పాలో. కొరికే పిల్లల్లో చాలామందికి ఆ టైంకి మాట అందకే నోరు ముందుకొస్తుంది.

ఇక అల్లుడుగారు వాడి మీద చెయ్యి చేసుకోడం సంగతి. దండం దశగుణం భవేత్ అని మావగారు అన్నారంట, అంటారు, మా రోజుల్లో అందరూ అనేవారు. కొడితే ఆ క్షణానికి ఆగుతాడు, అది నిజమే, అందుకే పెద్దవాళ్ళకి అది పనిచేసినట్టు కనపడుతుంది. కానీ వాడు నేర్చుకునేది నాన్న ఉన్నప్పుడు చెయ్యకూడదని, ఇంకోటేంటంటే కోపమొస్తే చిన్నవాళ్ళని కొట్టొచ్చని, వాడికంటే చిన్నది ఇంట్లో పాపే కదా. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా హింసించకూడదు అని రాశారు, అది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళ బడి గురించే అనుకో, అంత పెద్ద పిల్లల్నే కొట్టకూడదంటే ఈ గుంటడిని కొట్టడమేంటి. మరీ చెయ్యి దాటిపోతే మూడు నాలుగు నిమిషాలు హాల్లోనే ఒక కుర్చీలో కూర్చోబెట్టండి, వయసుకి నిమిషం చొప్పున అంతే. బాత్రూంలో పెట్టి లైటు తియ్యడం లాంటివి మా ఇంటావంటా లేవు.

బూచాడొస్తాడు, పోలీసు పట్టుకుపోతాడు, డాక్టరు సూది పొడుస్తాడు అనడం కూడా ఆపించు. ఐదేళ్ళు నిండాక వాడికి డీపీటీ బూస్టర్ టీకా వేయించాలి, అప్పుడు ఎవరు పట్టుకుంటారు వాణ్ణి?

పక్క తడపడం మళ్ళీ మొదలైందన్నావు, దాని గురించి అస్సలు తిట్టొద్దు. ఐదేళ్ళలోపు అది జబ్బు కిందకే రాదు, పైగా ఐదు నెలల చెల్లెలు ఒళ్ళో ఉంది, వాడి చోటు పోయిందని వాడి గోల. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా సెంటర్లో ఎప్పుడో మానేసిన పిల్లలు కూడా మళ్ళీ తడిపారు, గాలి కొంచెం గట్టిగా వీస్తే నా చీర పట్టుకునేవారు. భయమేసినా, చోటు పోయినా పిల్లలు కొన్నాళ్ళు వెనక్కెళ్తారు, మళ్ళీ వస్తారు. రోజూ పాపని మీ అత్తగారికి ఇచ్చేసి కాసేపు వాడితో ఒక్కడితోనే కూర్చో, ఫోన్ ఇంకో గదిలో పెట్టేసి, ఏ ఆటాడాలో వాణ్ణే చెప్పనీ. అల్లరి చేసినరోజు కూడా అది మానకు. ఆ టైం వాడు సంపాదించుకునేది కాదు. పాప డైపరు తెచ్చిస్తే ఊరికే గుడ్ బాయ్ అనెయ్యకుండా "అడగ్గానే డైపరు తెచ్చావు, నాకు పని తగ్గింది" అని చెప్పు.

అత్తగారి దగ్గర నువ్వు మాట్లాడకు, కొడుకునే మాట్లాడమను, నువ్వంటే తప్పుపట్టినట్టుంటుంది, ఆయనంటే ఇంటి మాటవుతుంది. ఆవిణ్ణి ఫోన్ ఇవ్వొద్దు అని మాత్రమే అంటే ఆవిడకి చేతిలో ఏం మిగలదు, మనవణ్ణి ఊరుకోబెట్టడం ఆవిడకీ సరదాయే కదా. సాయంత్రం అన్నం పెట్టే పని ఆవిడకిచ్చెయ్, శ్రీకాకుళం కథలు బోల్డు వచ్చు ఆవిడకి, టీవీ కట్టేసి చెప్పమను. నీకొక్కదానికే రూలు ఉంటే అది రూలు కాదు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నవి రెండు మూడు చాలు, కొట్టడం కొరకడం లేదు, అన్నం దగ్గర ఫోన్ లేదు, రోడ్డు మీద చెయ్యి వదలకూడదు. మిగతావి చూసీచూడనట్టు పోండి.

నిద్ర కూడా చూసుకో. మూడు నాలుగేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, ఫోన్ టీవీ అన్నీ కలిపి గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నాన్న వచ్చేదాకా అని మీరు వాణ్ణి రాత్రి పదకొండు దాకా లేపి ఉంచి పొద్దున్నే ఏడింటికి ప్లేస్కూల్‌కి లేపుతున్నారు, ఇంక సాయంత్రం గోల చెయ్యక ఏం చేస్తాడు పాపం. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కదా, ఆయన్ని వాణ్ణి తీసుకెళ్ళి పరిగెత్తించమను, నువ్వు పడుకో.

డాక్టరు దగ్గరికి ఎప్పుడంటే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, కళ్ళలోకి చూడకపోతే, వచ్చిన మాటలు పోతే, తనకి తాను దెబ్బలు తగిలించుకుంటుంటే, లేదా ఇవన్నీ కొన్ని నెలలు చేసినా రోజురోజుకీ పెరిగితే. చెవి సరిగ్గా వినపడని పిల్లాణ్ణి మొండోడనుకుని తిట్టే ఇళ్ళు చూశాను. కేజీహెచ్ పెద్దాసుపత్రిలో పిల్లల విభాగం ఉంది, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీములు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వచ్చి ఎదుగుదల కూడా చూస్తాయి, మీ వీధి టీచర్ని అడిగితే ఎప్పుడొస్తారో చెప్తుంది. చంటిగాడు గుక్కతిప్పుకోకుండా కబుర్లు చెప్తాడు కాబట్టి నాకా భయం లేదు గానీ చెప్పడం నా పని.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటే, ఈ వారం వాడు ఏడ్చినప్పుడల్లా కేలెండర్ మీద టైం రాయి, దానికి ముందు ఏం జరిగిందో, ఆఖరికి ఎవరు ఏమిచ్చి ఊరుకోబెట్టారో కూడా. రాసి నాకు ఫోటో పెట్టు, చూసి ఫోన్ చేస్తా. మధ్యాహ్నం మాత్రం చెయ్యకు, పడుకుంటాను.

పెద్దమ్మ