ఉద్యోగుల బండ్లకు పనిచోట ఛార్జింగ్: ఉచితమా, రుసుమా?

ప్రశ్న: కర్నూలు కల్లూరు ఎస్టేట్‌లో మాకు ప్యాకింగ్ సామగ్రి తయారుచేసే చిన్న పరిశ్రమ ఉంది. 45 మంది సిబ్బందిలో 14 మంది ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద, ముగ్గురు ఎలక్ట్రిక్ కార్లలో వస్తున్నారు. కార్లలో ఒకటి డోన్ నుంచి వస్తుంది, మిగతా రెండూ ఊళ్లోవే. పార్కింగ్ షెడ్డులో ఛార్జింగ్ ఏర్పాటుకు లక్షా 20 వేల రూపాయలు అవుతుందని ఎలక్ట్రీషియన్ అంచనా ఇచ్చారు. అదనంగా వాడే ప్రతి యూనిట్‌కు అన్నీ కలిపి మాకు 9 రూపాయలు పడుతోంది. ఉచితంగా ఇవ్వాలా, డబ్బు తీసుకోవాలా? పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది?

సమాధానం: ఏర్పాటు ఖర్చు మీరు భరించి, కరెంటు ఖర్చు మాత్రం వాడుకున్నవారి నుంచి తీసుకోవడం మీకు తగిన పద్ధతి అని నా అభిప్రాయం. లక్షా 20 వేలను ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 15 వేలు, అంటే మీ వాడకాన్ని బట్టి యూనిట్‌కు సుమారు రూపాయి 30 పైసలు. దీన్ని సిబ్బంది దగ్గర రాబట్టుకోవాలని చూడకండి. పనివారు మిమ్మల్ని వదిలి వెళ్లకుండా ఉండేందుకు పెట్టే ఖర్చుగా దీన్ని భావించండి, ఆదాయపన్ను లెక్కల్లో దీనిపై తరుగుదల కూడా చూపుకోవచ్చు. నెలనెలా వచ్చే కరెంటు ఖర్చు సంగతి వేరు. దాన్ని ఉచితం చేస్తే ఏడాదికి లక్ష రూపాయలు దాటుతుంది, పైగా ఆ మేలు పెట్రోలు బండిపైనో బస్సులోనో వచ్చే మిగతా 28 మందికి అందదు.

స్కూటర్లకూ కార్లకూ ఒకే పద్ధతి పెట్టకండి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే స్కూటరుకు, ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి, దాదాపు ఒక యూనిట్ చాలు. 26 పనిదినాలకు 26 యూనిట్లు, అంటే 234 రూపాయలు. ఇంత చిన్న మొత్తానికి 14 సాకెట్లకు విడివిడిగా మీటర్లు బిగించి, రీడింగులు రాసి, జీతంలో సర్దడం దండగ. నెలకు 250 రూపాయలు స్థిరంగా తీసుకోండి. అంతే దూరానికి పెట్రోలు స్కూటరు నెలకు 17 లీటర్ల దాకా తాగుతుంది కనుక ఎవరూ దీన్ని భారంగా భావించరు.

కారుకు ఈ పద్ధతి పెడితే మాత్రం నష్టపోతారు. డోన్ నుంచి రానుపోను వంద కిలోమీటర్లు దాటే కారుకు రోజూ 15 యూనిట్లు కావాలి. నెలకు 390 యూనిట్లు, మూడున్నర వేల రూపాయలు. ఊళ్లో తిరిగే కారుకు వంద యూనిట్లు కూడా పట్టకపోవచ్చు. అందువల్ల కార్ల సాకెట్లకు సబ్‌మీటర్లు పెట్టి, యూనిట్‌కు 10 రూపాయల చొప్పున తీసుకోండి. మీ ఊళ్లోనే కార్యాలయమున్న విద్యుత్ నియంత్రణ మండలి కొత్త ధరలు ప్రకటించినప్పుడల్లా, ఇంధన సర్దుబాటు ఛార్జీలు మారినప్పుడల్లా ఈ రేట్లను సరిచూసుకుంటామని ముందే నోటీసు బోర్డులో పెట్టండి.

యూనిట్ ధరకన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది మీ కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన గరిష్ఠ విద్యుత్ భారం. ఉదయం తొమ్మిదింటికి యంత్రాలు మొదలయ్యే వేళకే 14 స్కూటర్లు, మూడు కార్లు ఒక్కసారిగా సాకెట్లకు తగిలిస్తే సుమారు 20 కిలోవాట్ల భారం అదనంగా పడుతుంది. మంజూరైన లోడు దాటితే అదనపు ఛార్జీలు, లోడు పెంపు రుసుములు కట్టవలసి వస్తుంది, అప్పుడు పైన వేసిన లెక్క మొత్తం తారుమారవుతుంది. ఎనిమిది గంటలు షెడ్డులోనే నిలిచి ఉండే బండికి వేగం అక్కర్లేదు. డోన్ కారుకు కూడా 3.3 కిలోవాట్ల మామూలు సాకెట్టు మీద ఐదు గంటల లోపే సరిపోతుంది. ఖరీదైన ఫాస్ట్ ఛార్జర్ల ఊసే వద్దు. ఆ కారును ఉదయం నుంచే పెట్టించి, స్కూటర్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మధ్యాహ్న భోజనం దాకా, రెండో జట్టుకు ఆ తర్వాత అవకాశమివ్వండి. ఎండలో నడిచి వచ్చిన బ్యాటరీని వెంటనే కాకుండా కాస్త చల్లారాక ఛార్జ్ చేయడం మంచిది కనుక మన వేసవికి కూడా ఈ ఏర్పాటు అనుకూలిస్తుంది.

చట్టపరంగా మీకు చిక్కు లేదు. ఛార్జింగ్ అనేది కరెంటు అమ్మకం కాదని, సేవ అని, దానికి లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. ఇప్పటికే ఉన్న కనెక్షన్ నుంచే కార్యాలయాల్లో ఛార్జ్ చేసుకోవచ్చని ఆ శాఖ 2022 మార్గదర్శకాలు చెప్పాయి. అయితే ఈ సదుపాయాన్ని సిబ్బందికే పరిమితం చేయండి. బయటివారి బండ్లకు డబ్బు తీసుకుని ఇస్తే అది 18 శాతం జీఎస్టీ వర్తించే వ్యాపారమవుతుంది. సిబ్బంది దగ్గర తీసుకునే మొత్తాన్ని కూడా నియామక నిబంధనల్లో రాతపూర్వకంగా చేర్చి, ఎలా నమోదు చేయాలో మీ ఆడిటరుతో ఖరారు చేసుకోండి.

పగటిపూట ఛార్జింగ్ కాబట్టి పైకప్పు సోలార్ కూడా ఆలోచించదగినదే. కానీ ఏడాదిపాటు వాడకం చూశాకే దాని జోలికి వెళ్లండి.

ఎలక్ట్రీషియన్ అంచనాలో ప్రతి సాకెట్టుకూ విడి ఎంసీబీ (భారం మించితే దానంతటదే కరెంటు ఆపే స్విచ్), లీకేజీ రక్షణ, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో అడగండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులను అనుమతించవద్దు. ప్యాకింగ్ సరుకు నిల్వకు దగ్గరగా ఛార్జింగ్ పెట్టకుండా, ఈ మార్పును మీ అగ్నిప్రమాద బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలిపి, పాలసీలో నమోదు చేయించుకున్న తర్వాతే మొదటి బండిని సాకెట్టుకు తగిలించనివ్వండి.